లీకు ఎక్కడో ముందు పట్టండి: నీళ్ళ పైపులు, గ్యాస్ మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: కొన్ని బండలు పెట్టినప్పుడు వంటింట్లో సన్నగా గ్యాస్ వాసన వస్తోంది. కొన్నిటికి అసలు రాదు. రెగ్యులేటర్ మార్చాం, ట్యూబు మార్చాం, స్టవ్ సర్వీసింగ్ చేయించాం. ఇంకా ఏం మార్చాలి? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇంకేమీ మార్చకండి. కొన్ని బండలకు వచ్చి కొన్నిటికి రావడం లేదని మీరే రాశారు, జవాబు అందులోనే ఉంది. తప్పు మీ ఇంట్లో లేదు, బండతోపాటు వచ్చి బండతోపాటు పోతోంది. సిలిండర్ వాల్వు నోట్లోకి తొంగి చూస్తే లోపల గోడకు ఒక నల్లటి సన్న రబ్బరు రింగు కనిపిస్తుంది. ‘ఓ రింగ్’ అంటారు. రెగ్యులేటర్ కాడ లోపలికి దిగినప్పుడు చుట్టూ గ్యాస్ తప్పించుకోకుండా పట్టి ఉంచేది అదే. అది తెగినా, ఎండిపోయి బిరుసెక్కినా, అసలు లేకపోయినా రెగ్యులేటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ గ్యాస్ కారుతుంది. స్టవ్ కట్టేసి ఉన్నా కారుతుంది. రెగ్యులేటర్ ఆఫ్ చేస్తే కింద ఉన్న పిన్ మూసుకుంటుంది కాబట్టి వాసన ఆగిపోతుంది. ఈ తేడా గమనిస్తే సగం పని అయినట్టే.

ఖాయం చేసుకోవడానికి సబ్బునీళ్ళు చాలు. అరగ్లాసు నీళ్ళలో ఒక చెంచా షాంపూ కలపండి. స్టవ్ నాబ్‌లు కట్టేసి, రెగ్యులేటర్ ఆన్ చేసి, చిన్న బ్రష్షుతో ఈ వరుసలో రాయండి: వాల్వు–రెగ్యులేటర్ కలిసే చోటు, రెగ్యులేటర్ ముక్కుకు ట్యూబు ఎక్కిన చోటు, ట్యూబు పొడవునా, స్టవ్ వెనక ముక్కు దగ్గర, చివరికి నాబ్‌ల మొదట్లో. ఒక్కోచోట నిమిషం సేపు చూడాలి. చిన్న లీకు బుడగ మెల్లగా ఊరుతుంది, తొందరపడితే కనిపించదు. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. ఆ పని చేయకండి.

రింగు మార్చడం డెలివరీకి వచ్చినవాళ్ళకు రెండు నిమిషాల పని. మీరు మాత్రం స్క్రూడ్రైవరు, చాకు లోపల పెట్టకండి. కింద ఉన్న పిన్ను నొక్కుకుంటే గ్యాస్ ఒక్కసారిగా పైకి తన్నుతుంది. ఇకమీదట బండ దించినప్పుడే వాల్వు మీది సీలు తీయించి, రింగు చూపించమనండి. వాల్వు నోట్లో నాలుగు చుక్కల నీళ్ళు పోయించండి. బుడగలొస్తే పిన్ దగ్గర లీకు ఉన్నట్టు, అక్కడికక్కడే వెనక్కి పంపేయండి. పనిలో పనిగా తూకం కూడా. పైన పిడి కింది పలకల మీద ఖాళీ బండ బరువు కొట్టి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలపాలి. ఆ పలకల్లో ఒకదాని మీద బి-27 లాంటి గుర్తు కూడా కనిపిస్తుంది. ఏ అంటే జనవరి–మార్చి, బి అంటే ఏప్రిల్–జూన్, సి అంటే జులై–సెప్టెంబరు, డి అంటే అక్టోబరు–డిసెంబరు. పక్కది సంవత్సరం. బండను మళ్ళీ పరీక్షకు పంపాల్సిన గడువు అది. గడువు దాటినది తీసుకోకండి.

‘సన్న వాసనే కదా’ అనుకోకండి. గాలిలో రెండు శాతం దగ్గరపడితే ఎల్‌పీజీ అంటుకుంటుంది. పది అడుగులు, ఎనిమిది అడుగుల వంటిల్లంతా సమంగా పరుచుకున్నా కిలో గ్యాస్ సరిపోతుంది. కానీ అది సమంగా పరుచుకోదు. గాలికంటే బరువు కాబట్టి నేల మీద, బండ పెట్టిన గూట్లో పేరుకుంటుంది. అందుకని కిలో కూడా అక్కర్లేదు.

వాసన ఘాటుగా ఉంటే ముందు స్విచ్చుల జోలికి పోకండి. వేయడమే కాదు, ఆపడం కూడా వద్దు. ఫ్యాను, ఎగ్జాస్టు, ఫ్రిజ్ ప్లగ్గు, ఏదీ ముట్టుకోకండి. దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి ఉంటే ఆర్పేయండి. రెగ్యులేటర్ ఆఫ్ చేసి, ఊడదీసి, తాడుతో వేలాడే ప్లాస్టిక్ మూతను వాల్వు మీద టక్కుమనేదాకా నొక్కండి. పిన్ దగ్గర కారుతున్నా ఆ మూత ఆపుతుంది. ఆ మూతను పిల్లల ఆటకిచ్చి పోగొట్టేవాళ్ళే ఎక్కువ. తలుపులు, కిటికీలు తీసి బయటికి వచ్చాక ఫోన్ చేయండి. ఎల్‌పీజీ లీకులకు ఎమర్జెన్సీ నంబరు 1906.

ప్రశ్న: ఆరంజి రంగు గ్యాస్ ట్యూబు పైకి బాగానే ఉంది. ఐదేళ్ళకు మార్చాలంటున్నారు, నిజమా? బండను బయట వరండాలో పెట్టి గోడకు కన్నం పెట్టి ట్యూబు లోపలికి తేవచ్చా? – కరీంనగర్

జవాబు: నిజమే. మీరు చెప్పేది లోపల సన్న ఉక్కు తీగల అల్లిక ఉన్న ‘సురక్ష’ ట్యూబు. దాని ప్రమాణం ఐఎస్ 9573, ఆ అంకె ట్యూబు మీదే అచ్చు వేసి ఉంటుంది, తయారైన సంవత్సరం కూడా. ఐదేళ్ళు అక్కణ్ణుంచి లెక్కపెట్టండి. మీరు కొన్న రోజు నుంచి కాదు, కొట్టులో మూలన రెండేళ్ళు పడున్నది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పైపొర నున్నగానే ఉంటుంది, పాడయ్యేది రెండు కొసలు. స్టవ్ వైపు కొస వేడికి బిరుసెక్కుతుంది, రెగ్యులేటర్ వైపు కొస బండ మార్చినప్పుడల్లా మెలిపడుతుంది. కొసను వేళ్ళతో వంచి చూడండి, సన్న పగుళ్ళు కనిపిస్తే గడువు ఉన్నా మార్చేయండి. లోపల తీగ ఉంది కాబట్టి ఎలక కొరకదనుకోవద్దు. పైరబ్బరు కొరుకుతుంది, తీగ మిగులుతుంది, గ్యాస్ మాత్రం ఆగదు.

ఎక్కించేటప్పుడు ముక్కు మొత్తం మునిగేదాకా తోయాలి. సగం ఎక్కి ఆగితే కొసను వేణ్ణీళ్ళలో అరనిమిషం ముంచండి, మెత్తబడుతుంది. మంట మీద వేడి చేయకండి, నూనె రాయకండి. ట్యూబు మీద గుడ్డ తొడుగులు, రంగు కవర్లు కూడా వద్దు. పగులు కనిపించకుండా దాచడం తప్ప వాటి వల్ల ఒరిగేదేమీ లేదు.

గోడలోంచి ట్యూబు తేకూడదు. లోపల ఏం జరుగుతోందో కనిపించదు, సిమెంటు అంచుకు ఒరుసుకుంటుంది. బండ బయటే ఉండాలంటే గోడ దాటే భాగం వరకు లోహపు పైపు వేయించి, వంటింటి వైపు ఒక వాల్వు పెట్టించి, అక్కణ్ణుంచి స్టవ్ వరకే ట్యూబు వాడాలి. ఆ పని డీలరు పంపే మెకానిక్‌తోనే చేయించండి. మధ్యలో ‘టీ’ ఆకారపు జాయింటు పెట్టి ఒకే ట్యూబును రెండు స్టవ్‌లకు చీల్చే పని అసలే వద్దు. గ్రానైటు గట్టుకు కన్నం పెట్టి కింది నుంచి ట్యూబు పైకి తెచ్చేవాళ్ళు ఆ కన్నానికి రబ్బరు బుష్ వేయించండి. కోసిన గ్రానైటు అంచు బ్లేడులాంటిది.

ప్రశ్న: కరెంటు గీజర్ బదులు గ్యాస్ గీజర్ బాత్‌రూములో పెట్టించాలనుకుంటున్నాం. బాత్‌రూము 5 అడుగులు, 7 అడుగులు. చిన్న వెంటిలేటర్ ఉంది. – హనుమకొండ

జవాబు: బాత్‌రూములో వద్దు. కారణం లెక్కలో చూడండి. నిమిషానికి ఆరు లీటర్లు కాచే గీజర్ గంటకు కిలోకు కాస్త అటూఇటూగా గ్యాస్ కాలుస్తుంది. కిలో గ్యాస్ పూర్తిగా కాలడానికి పన్నెండు ఘనమీటర్లకు పైగా గాలి కావాలి. మీ బాత్‌రూములో ఉన్న గాలే ఎనిమిది ఘనమీటర్లు. ఇరవై నిమిషాల స్నానంలో గీజర్ నాలుగు ఘనమీటర్ల గాలి వాడేస్తుంది, అంటే సగం. గాలి చాలకపోతే మంట ఆగిపోదు. సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు. తల తిరుగుతోందని గ్రహించేసరికి గడియ తీసే ఓపిక కూడా ఉండదు. చలికాలంలో వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టే అలవాటు దీనికి తోడవుతుంది.

గ్యాస్ గీజరే కావాలంటే బయటి గోడకో, గాలి ఆడే యుటిలిటీలోనో బిగించి, వేణ్ణీళ్ళ పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకోండి. ఆ పైపు సీపీవీసీదై ఉండాలి, మామూలు యూపీవీసీ వేడికి మెత్తబడి వంగిపోతుంది.

ప్రశ్న: 15 లీటర్ల గీజర్ కింద ఉన్న చిన్న వాల్వు లోంచి రోజూ నీళ్ళు కారుతున్నాయి. ప్లంబర్ ఎండ్‌క్యాప్ వేసి మూసేస్తే సరిపోతుందంటున్నాడు. – అనంతపురం

జవాబు: మూయనివ్వకండి. ఆ వాల్వు కారడం చాలాసార్లు దాని ధర్మం. నీళ్ళు వేడెక్కితే పెరుగుతాయి. 25 డిగ్రీల దగ్గర ఉన్న 15 లీటర్లను 65 డిగ్రీలకు కాస్తే సుమారు పావు లీటరు ఎక్కువవుతాయి. వాల్వులో వెనక్కి పోనివ్వని ఏర్పాటు ఉంది కాబట్టి ఆ పావు లీటరుకు ట్యాంకులోకి దారి లేదు. లోపల ఒత్తిడి పెరిగి, వాల్వు తెరుచుకుని, చుక్కలుగా బయటికి వస్తుంది. ఇంటి గీజర్లకు ఇచ్చే వాల్వులు ఎక్కువగా 8 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) దగ్గర తెరుచుకునేవి.

కింద ఒక మగ్గు పెట్టండి. గీజర్ వేసిన ఇరవై ఇరవై ఐదు నిమిషాల్లో గ్లాసుడు నీళ్ళు పడి, స్విచ్ ఆపి నీళ్ళు వాడాక ఆగిపోతే ఏమీ చేయక్కర్లేదు. ఆ నోటికి సన్న గొట్టం తగిలించి నేల జాలీ వైపు వదిలేయండి. ఎక్కడా మడత పడకూడదు, కొస నీళ్ళలో మునగకూడదు. గీజర్ ఆపి చల్లారాక కూడా రాత్రంతా కారుతుంటే వాల్వు సీటు మీద సున్నపు పలుకు ఇరుక్కున్నట్టు. వాల్వుకున్న చిన్న మీటను నాలుగైదుసార్లు ఎత్తి దించండి, చాలాసార్లు పలుకు కొట్టుకుపోతుంది. పోకపోతే వాల్వు మార్చండి. కొనేటప్పుడు పాతదాని మీద ఎన్ని బార్ అని ఉందో అంతే తీసుకోండి. మూడో రకం ఒకటుంది: చుక్కలు కాదు, ఆవిరితో పొగలు కక్కే నీళ్ళు తన్నుకొస్తే థర్మోస్టాట్ చెడింది. వెంటనే స్విచ్ ఆపేయండి, మెకానిక్ చూసేదాకా వేయకండి. ఎండ్‌క్యాప్ బిగిస్తే ఆ రోజు ఆ ఆవిరికి దారి ఉండదు. గీజర్లు పేలేది అలాగే.

మీ ప్రాంతం బోరు నీళ్ళు కాబట్టి ఇంకో మాట. కాచేటప్పుడు చిటపట శబ్దం వస్తోందంటే కాయిల్ మీద సున్నం గట్టి పెంకులా కట్టింది. 2 కిలోవాట్ల గీజర్ 15 లీటర్లను ఇరవై నిమిషాల్లో కాచాలి. మీకు అరగంట దాటుతోందా, చూసుకోండి. నీళ్ళ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించాలి. అప్పుడే లోపలి మెగ్నీషియం కడ్డీ కూడా చూడమనండి. అది తాను కరిగిపోతూ ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాస్తుంది. సన్నటి తీగ మిగిలిందంటే మార్చే సమయం దాటినట్టే. కడ్డీ మార్చడం చవక, ట్యాంకు కన్నం పడితే గీజరే కొనాలి.

ప్రశ్న: పై అంతస్తు బాత్‌రూములో పెద్ద రెయిన్ షవర్ పెట్టించాం. నీళ్ళు జారుతున్నట్టు వస్తున్నాయి తప్ప వాన లేదు. కింది అంతస్తులో మామూలు షవర్ బాగా వస్తోంది. ట్యాంకును ఇంకో మూడు అడుగులు లేపమంటున్నారు. – విజయనగరం

జవాబు: లేపినా వాన రాదు. ట్యాంకు నీళ్ళకు ఒత్తిడి ఎత్తు నుంచే వస్తుంది, పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక కిలో (చదరపు సెంటీమీటరు మీద పడే ఒత్తిడి). మీ ట్యాంకు డాబా మీద మూడడుగుల దిమ్మె మీద ఉందనుకుంటే పై అంతస్తు షవర్‌కు, ట్యాంకు అడుగుకు మధ్య ఉన్నది ఆరేడు అడుగులు. అంటే 0.2 కిలో. కింది అంతస్తుకు ఇంకో పదిన్నర అడుగులు కలిసి 0.5 కిలో అవుతుంది, అందుకే అక్కడ బాగుంది. మూడడుగులు లేపితే పెరిగేది 0.1 కిలో కూడా కాదు. రెయిన్ షవర్ పెట్టె మీద ఎంత ఒత్తిడి కావాలో రాసి ఉంటుంది చూడండి, చాలావాటికి అర కిలో నుంచి కిలో వరకు అడుగుతుంది. కొనేముందు చూడాల్సిన అంకె అదే. ఎవరూ చూడరు.

పంపు కొనేముందు ఉచితంగా అయ్యే పనులు చేసి చూడండి. షవర్ తల విప్పి, ఉత్త పైపు కింద పది లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూడండి. నిమిషంలో నిండితే పైపులో నీళ్ళున్నాయి, అడ్డం షవర్ తలలోనే ఉంది. దాన్ని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, రంధ్రాలను పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే సున్నం వదులుతుంది. ఉత్త పైపుకే రెండు నిమిషాలు పడితే అడ్డం వెనక ఉంది. సగం తెరిచిన గేటు వాల్వు, ట్యాంకు నుంచి బాత్‌రూముదాకా అర అంగుళం పైపే లాగడం, దారిలో డజను ఎల్బోలు, వీటిలో ఏదో ఒకటి. ట్యాంకు నుంచి దిగే మెయిన్ కనీసం అంగుళం ఉండాలి, పాయింటు దగ్గరికి వచ్చాకే అర అంగుళానికి తగ్గాలి.

ఇవన్నీ బాగుండి కూడా వాన కావాలంటే దారి ఒక్కటే, ట్యాంకు పక్కన చిన్న ప్రెషర్ పంపు. రెండు బాత్‌రూములకు అర హెచ్‌పీ సరిపోతుంది. కుళాయి తిప్పితే తానే ఆన్ అయ్యే రకం తీసుకోండి. పంపుకు పక్కనుంచి ఒక బైపాస్ లైను, దానికో వాల్వు తప్పనిసరిగా పెట్టించండి, కరెంటు పోయినప్పుడు నీళ్ళు నేరుగా దిగుతాయి. ఒత్తిడి ఒకటిన్నర, రెండు కిలోల దగ్గర ఉంచితే చాలు. ఎక్కువ పెడితే పాత కుళాయిల వాషర్లు, ఫ్లష్ ట్యాంకు వాల్వు, గోడలో ఇన్నాళ్ళూ ఎలాగో నిలబడిన పాత జాయింటు ఒకదాని తర్వాత ఒకటి బయటపడతాయి. కొంతమంది ఆ నష్టాన్ని పంపు మీద వేస్తారు కానీ లోపం ముందునుంచీ ఉన్నదే.

ప్రశ్న: ఊరికి వెళ్ళి నెల తర్వాత వస్తే అటాచ్డ్ బాత్‌రూములో భరించలేని కంపు, బొద్దింకలు. రోజూ వాడే బాత్‌రూములో లేదు. – కర్నూలు

జవాబు: నేల జాలీ కింద వంపు తిరిగిన గిన్నెలాంటిది ఉంటుంది, మన ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ రెండు అంగుళాల నీళ్ళు నిలిచి ఉండాలి. డ్రైనేజీ గాలిని, బొద్దింకలను ఆపేది ఆ నీళ్ళే. వేసవిలో నెలరోజులు వాడకపోతే ఆరిపోతుంది. రెండు మగ్గుల నీళ్ళు పోస్తే కంపు పోతుంది. ఈసారి ఊరెళ్ళేముందు నీళ్ళు పోశాక పైన రెండు చెంచాల వంటనూనె వేయండి, ఆవిరి కావడం తగ్గుతుంది. కమోడ్‌కూ ఇదే సూత్రం.

నీళ్ళు పోసినా కంపు ఉంటే జాలీ ఎత్తి చూడండి. కొన్ని ట్రాపుల్లో గిన్నె మీద బోర్లించిన గంటలాంటి మూత ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు తీసి ‘నీళ్ళు తొందరగా పోతాయి’ అని పక్కన పడేస్తారు. ఆ మూత లేకపోతే ట్రాపు లేనట్టే. పక్క బాత్‌రూములో ఫ్లష్ చేసినప్పుడు ఇక్కడి జాలీలో గుడగుడ శబ్దం వస్తే గాలి గొట్టం లేదు, లేదా డాబా మీద దాని నోరు మూసుకుపోయింది. జోరుగా దిగే నీళ్ళు ట్రాపులోని నీళ్ళను తమతో లాక్కుపోతున్నాయి. గొట్టం నోటికి దోమతెర కట్టండి, మూత బిగించకండి.

ప్రశ్న: మా బాత్‌రూము కింద ఉన్న ఇంటి సీలింగు చెమ్మగిల్లి పెచ్చులూడుతోంది. కింది వాళ్ళు టైల్స్ మొత్తం పగలగొట్టించమంటున్నారు. అపార్టుమెంటు కట్టి పదేళ్ళయింది. – కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: పగలగొట్టడం ఆఖరి పని. మూడు చోట్ల నుంచి నీళ్ళు దిగొచ్చు: నల్లా నీళ్ళు వచ్చే పైపు, వాడిన నీళ్ళు పోయే పైపు, టైల్స్ సందులు. ఏదో తేలాక పగలగొట్టేది అడుగు స్థలమో, అసలు ఏమీ లేదో తెలుస్తుంది. తేల్చడానికి మూడు రోజులు పడుతుంది, ఆ మూడు రోజులు ఆ బాత్‌రూము వాడకండి.

వాడకం ఆపేసి, గోడకున్న వాల్వు కూడా కట్టేసి మొదటి రోజు చూడండి. చెమ్మ మెల్లగా ఎండుతుంటే సరే. వాల్వు తెరిచి, వాడకుండానే ఉంచినా మళ్ళీ తడిస్తే తప్పు వచ్చే పైపుది, అది రాత్రీ పగలూ ఒత్తిడిలో ఉంటుంది కదా. దీన్ని రుజువు చేయడానికి ప్లంబర్ల దగ్గర చేతిపంపు, మీటరు ఉంటాయి. గీజర్ కలిపే రెండు పైపులూ విప్పి మూతలు బిగించి, షవర్ పాయింటు దగ్గర పంపు తగిలించి ఐదారు కిలోలు ఎక్కించాలి. గంటసేపట్లో ముల్లు పడిపోతే పైపు కారుతోంది. వేణ్ణీళ్ళ లైను, చన్నీళ్ళ లైను విడివిడిగా చేస్తే ఏ గోడ పగలగొట్టాలో కూడా తెలుస్తుంది.

ముల్లు కదల్లేదా, రెండో రోజు నీళ్ళు పోయే పైపు చూడాలి. నేల తడపకుండా గొట్టం ట్రాపులోకే దింపి, నీలిమందు కలిపిన నీళ్ళు పది బకెట్లు పోయండి. కింద నీలం కనిపిస్తే ట్రాపుకు, పైపుకు మధ్య జాయింటు. ఎక్కువ ఇళ్ళలో దొరికేది ఇదే. కింది ఇంటి సీలింగు కింద నుంచే బాగుచేయగలిగిన పని ఇది, మీ టైల్స్ ముట్టుకోనక్కర్లేదు. అదీ కాకపోతే మూడో రోజు ట్రాపు నోటికి పాలిథిన్‌లో చుట్టిన గుడ్డ బిగించి, నేల మీద అంగుళం ఎత్తున నీళ్ళు నిలపండి. ఇరవై నాలుగు గంటల్లో కింద తడిస్తే టైల్స్ సందులే. పాత తెల్ల సిమెంటు గీకేసి, ఎపాక్సీ గ్రౌటు పట్టించండి. గోడ, నేల కలిసే మూల, ట్రాపు చుట్టూ రెండు సార్లు. పసుపు నీళ్ళతో ఈ పరీక్ష చేయకండి, కింది వాళ్ళ సీలింగు మరక ఎప్పటికీ పోదు, గొడవ ఇంకొకటి మొదలవుతుంది.

మీ ఇంటికి విడి ట్యాంకు ఉంటే ఇంకో సులువు. రాత్రి అందరూ పడుకున్నాక నీటిమట్టం పెన్సిల్‌తో గీసి, తెల్లారి చూడండి. వెయ్యి లీటర్ల ట్యాంకులో సెంటీమీటరు దిగితే సుమారు తొమ్మిది లీటర్లు పోయినట్టు. ఫ్లష్ ట్యాంకులు కారినా దిగుతుంది, కాబట్టి ముందు వాటి యాంగిల్ కాక్‌లు కట్టేయండి.

ప్రశ్న: గోడలో సీపీవీసీ పైపు వేసి ఏడాది కాలేదు. కుళాయి బిగించిన ఎల్బో నిట్టనిలువునా చీలింది. నాసిరకం పైపేనా? – రాజమహేంద్రవరం

జవాబు: పైపును అనకండి. ఇనుప, ఇత్తడి మరను ప్లాస్టిక్ మర ఉన్న ఎల్బోలో బిగిస్తే ఇలాగే అవుతుంది. కుళాయి మర కొస సన్నగా, మొదలు లావుగా ఉంటుంది. బిగించేకొద్దీ మేకు దిగినట్టు ప్లాస్టిక్‌ను చీలుస్తుంది. ఆ రోజే చీలదు, నెలల తరబడి లాగుతూ ఒకరోజు చీలుతుంది. కుళాయి, షవర్, గీజర్ పాయింట్లు అన్నిటికీ లోపల ఇత్తడి మర పొదిగిన ఎల్బోలే వేయించాలి. ధర కాస్త ఎక్కువ, కానీ టైల్స్ తీసి మళ్ళీ వేసే ఖర్చుతో పోల్చే పనే లేదు.

టెఫ్లాన్ టేపు కుళాయి మరకు గడియారం ముళ్ళు తిరిగే దిశలో ఆరు నుంచి ఎనిమిది చుట్లు చాలు. తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. పదిహేను, ఇరవై చుట్లు వేసి పానాతో బలవంతాన బిగించడం కూడా చీలికకు కారణమే. చేత్తో తిరిగినంత తిప్పి, ఆ తర్వాత పానాతో ఒకటి, ఒకటిన్నర చుట్టు.

ప్లంబర్ పనిచేసేటప్పుడు పక్కన నిలబడితే గమనించాల్సినవి ఇవి. పైపు కొస ఏటవాలు లేకుండా సమంగా తెగిందా, లోపలి రంపపు పొట్టు గీకాడా. సొల్యూషన్ సీపీవీసీదేనా, యూపీవీసీ డబ్బాతోనే రెండూ అంటించేస్తున్నాడా. పైపు మీద నిండుగా, ఫిట్టింగు లోపల పలచగా రాయాలి. ఎక్కువ పోస్తే లోపల మడుగు కట్టి పైపు గోడనే మెత్తబరుస్తుంది. తోసేటప్పుడు పావు చుట్టు తిప్పి, అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే వెనక్కి జారుతుంది. మర్నాటి దాకా ఒత్తిడి పరీక్ష పెట్టకూడదు. ఆ పరీక్ష కాకుండా మాత్రం గోడ పూడ్చనివ్వకండి. డాబా మీద ఎండకు కనిపించే పైపులకు తెల్ల రంగు వేయించండి, నీళ్ళలో కలిపే రకం. ఆయిల్ పెయింటులో ఉండే ద్రావకాలు సీపీవీసీకి పడవు.

ప్రశ్న: కుళాయి చుక్కలు ఆగడం లేదు. ఎంత గట్టిగా తిప్పినా అంతే. – నిజామాబాద్

జవాబు: గట్టిగా తిప్పే కొద్దీ పాడు చేస్తున్నారు. నాలుగైదు చుట్లు తిరిగే పాత ఇత్తడి నల్లా అయితే లోపలి వాషర్ అరిగింది. మెయిన్ కట్టి, తల విప్పి, కొత్త వాషర్ వేయండి. వేశాక కూడా కారితే వాషర్ కూర్చునే అంచు గీతలు పడింది, నల్లా మార్చాలి. పావు చుట్టుతో తెరుచుకునే కొత్త రకమైతే అందులో వాషర్ ఉండదు, సెరామిక్ పలకలుంటాయి. వాటి మధ్య ఇసుక రేణువు పడితే గీసుకుపోతాయి. బాగుచేయడం కుదరదు, లోపలి కార్ట్రిడ్జ్ మార్చాలి. పాతది విప్పి కొట్టుకు పట్టుకెళ్ళండి, కార్ట్రిడ్జ్ కాడ మీది పళ్ళ లెక్క కంపెనీకో రకంగా ఉంటుంది. నీళ్ళ నష్టం తెలియాలంటే కింద లీటరు సీసా పెట్టండి. గంటలో నిండితే రోజుకు 24 లీటర్లు.

ప్రశ్న: మా కాలనీకి పైపు గ్యాస్ వచ్చింది. పాత స్టవ్ అలాగే తగిలించుకోవచ్చా? – విజయవాడ

జవాబు: జెట్లు, అంటే బర్నరులోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రాల ముక్కలు, మార్చకుండా తగిలించకూడదు. ఒకే ఘనపరిమాణానికి పైపు గ్యాస్ (పీఎన్‌జీ) వేడి ఎల్‌పీజీలో సగం కూడా ఉండదు. ఒత్తిడి కూడా తక్కువ, బండ రెగ్యులేటర్ 30 మిల్లీబార్ ఇస్తే పైపు గ్యాస్ 21. అందుకని జెట్ రంధ్రం పెద్దది కావాలి. పాత జెట్‌తో మంట దీపంలా ఉంటుంది. దాన్ని సూదితో, డ్రిల్లుతో పెద్దది చేసేవాళ్ళున్నారు. రంధ్రం గుండ్రంగా రాదు, మంట పసుపై గిన్నెలు మసిబారతాయి. కనెక్షన్ ఇచ్చే కంపెనీ మనిషే జెట్లు మారుస్తాడు. పాత జెట్లు పారేయకుండా దాచుకోండి. ఎప్పుడైనా మళ్ళీ బండకు వెళ్తే, పీఎన్‌జీ జెట్ల మీద ఎల్‌పీజీ వెలిగిస్తే మంట గట్టు దాటి ఎగుస్తుంది.

ఇంకొకటి. పైపు గ్యాస్ గాలికంటే తేలిక, లీకైతే పైకి చేరుతుంది. ఇన్నాళ్ళూ నేల దగ్గర గాలి సందు ఉంటే చాలనుకున్న వంటింట్లో ఇప్పుడు సీలింగు దగ్గర వెంటిలేటర్ తెరిచి ఉండాలి. మాడ్యులర్ కిచెన్ పనివాళ్ళు మీటరుకు, వాల్వుకు అడ్డంగా చెక్క తలుపు బిగించేస్తుంటారు. వాల్వు చేతికి వెంటనే అందేలా ఉంచమని ముందే చెప్పండి.